ర్యాలీలో ‘ముందున్న’ కారు ఏది?

సందేహం: ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ వార్తలో ‘ముందున్న కారును దాటేసి మొదటి స్థానంలోకి దూసుకెళ్లాడు’ అని చదివాను. ర్యాలీలో కార్లు విడివిడిగా బయలుదేరతాయి కదా, ఈ వాక్యం సరైనదేనా? గెలుపు తేడాను ‘0.2 సెకను’ అనాలా, ‘0.2 సెకన్లు’ అనాలా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. విషయం మాత్రం తప్పింది. స్పెషల్ స్టేజిలోకి, అంటే సమయం కొలిచే దారి భాగంలోకి, కార్లను కొన్ని నిమిషాల ఎడంతో ఒక్కొక్కటిగా వదులుతారు. ముందు వెళ్లిన కారు ఏ టైరో పగిలి నెమ్మదిస్తే తప్ప, వెనకది దాన్ని అందుకోవడం అరుదు. అసలు పోటీ గడియారంతోనే.

చిక్కంతా ‘ముందు’తోనే. తెలుగులో ఆ మాట చోటుకూ కాలానికీ స్థానానికీ కూడా చెల్లుతుంది. ర్యాలీలో ఈ మూడూ మూడు దారులు. మొదటి రోజు చాంపియన్‌షిప్ పట్టికలో అగ్రస్థానంలో ఉన్నవారిని అందరికంటే ముందు పంపుతారు. కంకర దారిలో అది వరం కాదు. పైనున్న వదులు రాళ్లనూ మట్టినీ ఆ కారే ఊడ్చుకుంటూ పోవాలి, టైర్లకు పట్టు చిక్కదు. తర్వాత వచ్చేవారికి గట్టి నేల దొరుకుతుంది. మర్నాటి నుంచి ఆ ర్యాలీలో అప్పటికున్న స్థానాలను తిరగేసి పంపుతారు కాబట్టి, ఆధిక్యంలో ఉన్న కారు ఆ వరుసలో చివర వస్తుంది. ‘అందరికంటే వెనక వస్తున్న కారే ముందుంది’ అన్నది అక్కడ నూటికి నూరుపాళ్లూ నిజం, కానీ చదివేవాడు తికమకపడతాడు. ఇక టైమ్ కంట్రోల్ దగ్గర, అంటే చెప్పిన నిమిషానికే హాజరు కావాల్సిన చోట, ‘ముందు’ రావడం నేరమే: నిమిషం ఆలస్యానికి 10 సెకన్ల జరిమానా అయితే, నిమిషం ముందొస్తే పూర్తి నిమిషం జరిమానా.

అందుకే దారి వరుసకు ‘మొదట బయలుదేరిన’, స్థానానికి ‘ఆధిక్యంలో ఉన్న’, గడువుకు ‘వేళకు ముందే’ అని విడగొట్టి రాయడం మేలు. ‘దాటేసి’ బదులు ‘12.4 సెకన్లు తక్కువ తీసుకుని మొదటి స్థానానికి చేరాడు’ అంటే చాలు. ఉత్కంఠ తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. 2024 సార్డీనియా ర్యాలీలో ఆధిక్యంలో ఉన్న సెబాస్టియన్ ఓజియే కారుకు చివరి స్టేజిలో టైరు పంక్చరైంది. ఎవరూ అతన్ని దారిలో దాటలేదు. అయినా 0.2 సెకను తేడాతో ఓట్ తనాక్ గెలిచాడు. 2011 జోర్డాన్‌లో ఇదే ఓజియే, ఇంతే తేడాతో, యారి-మట్టి లాట్వాలాపై నెగ్గాడు. ఆ అంకెను వాక్యం చివర పెట్టి చూడండి, ఏ ‘దూసుకెళ్లడమూ’ దానికి సాటి రాదు.

రెండో సందేహానికి సమాధానం ఈపాటికే వాడి చూపాను. ఒకటి లోపు భాగానికి మనం ఏకవచనమే వాడతాం: పావుగంట, అరనిమిషం, ముప్పావుగంట. ఆ లెక్కన ‘0.2 సెకను తేడా’ సహజం. రెండు దాటితే సందేహమే లేదు, ‘2.3 సెకన్ల తేడా’. ‘1.4’ దగ్గర మాత్రం రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. ‘గంటన్నర’ ఏకవచనమే అయినా, దశాంశం చదివేటప్పుడు ‘సెకన్లు’ అనే నోటికి తేలిగ్గా వస్తుంది, దాన్ని దిద్దనక్కర్లేదు.