స్కూల్లో ఫ్రీ లంచ్ ఫారం నింపాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకి

అమెరికా వచ్చి పిల్లల్ని కొత్తగా పబ్లిక్ స్కూల్లో వేసినవాళ్ళకి ఎన్‌రోల్‌మెంట్ పేపర్లతో పాటు ఫ్రీ అండ్ రెడ్యూస్డ్ ప్రైస్ మీల్స్ అని ఒక అప్లికేషన్ కూడా వస్తుంది, ఈ రోజుల్లో ఎక్కువ ఆన్‌లైన్‌లోనే. మనవాళ్ళు చాలామంది దాన్ని చూసి కూడా పక్కన పెట్టేస్తున్నారు. ఒకటేమో ఇలాంటివి మనకెందుకులే అని, ఇంకోటి గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందేమో అని భయం. ఇద్దరూ మంచి ఉద్యోగాలు చేస్తుంటే నిజంగానే మీకు రాదు, వదిలెయ్యండి. కానీ పీహెచ్‌డీ స్టైపెండ్ మీద ఇల్లు నడుపుతున్నవాళ్ళు, ఒక్కళ్ళ చిన్న జీతంతో నలుగురు బతుకుతున్నవాళ్ళు, లేఆఫ్ అయ్యి ఇంట్లో కూర్చున్నవాళ్ళు, మీకోసమే ఇది రాస్తున్నా.

ముందు లెక్క చెప్తాను. ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్, అంటే ప్రభుత్వం పెట్టే పేదరికపు గీత, అని ఏటా ఒక అంకె ప్రకటిస్తారు, మీ ఆదాయం దానికి 130 శాతం లోపుంటే లంచ్ ఫ్రీ, 130 దాటి 185 శాతం లోపుంటే రెడ్యూస్డ్, అంటే లంచ్‌కి 40 సెంట్లు, బ్రేక్‌ఫాస్ట్‌కి 30 సెంట్లు మించి తీసుకోకూడదు. 2025-26 స్కూల్ ఇయర్‌కి నలుగురున్న ఇంటికి ఏడాదికి 41,795 డాలర్ల దాకా ఫ్రీ, 59,478 దాకా రెడ్యూస్డ్. అలాస్కా, హవాయిలో లిమిట్ ఇంకొంచెం ఎక్కువ, మిగతా అన్ని స్టేట్లలో ఇదే. మనిషి పెరిగేకొద్దీ లిమిట్ పెరుగుతుంది కాబట్టి ఒకే ఇంట్లో ఉంటూ ఖర్చులు కలిపి పెట్టుకుంటున్న వాళ్ళందరి పేర్లూ రాయండి, ఇంకా స్కూల్‌కి వెళ్ళని చంటిపిల్లాడు కూడా లెక్కలోకి వస్తాడు.

ఎక్కువమంది తప్పు రాసేది జీతం దగ్గర. బ్యాంకులో పడే అమౌంట్ కాదండి, ట్యాక్స్, ఇన్సూరెన్స్ కట్ అవ్వకముందు ఉండే గ్రాస్ రాయాలి. రెండు వారాలకోసారి వచ్చే జీతం వేరు, నెలకి రెండుసార్లు వచ్చేది వేరు, మొదటిదాన్ని ఏడాదికి 26తో గుణిస్తారు రెండోదాన్ని 24తో, కాబట్టి ఆ గడి చూసి టిక్ పెట్టండి. ఇండియాలో ఇంటి అద్దె వస్తుంటే అదీ ఆదాయమే, అన్‌ఎంప్లాయ్‌మెంట్ భృతి వస్తుంటే అదీ రాయాలి. కారు ఉందా, ఇల్లు కొన్నారా, సేవింగ్స్ ఎంత అని మాత్రం అడగరు. తక్కువ చేసి రాయొద్దు, దయచేసి. శాంపిల్‌గా కొన్ని అప్లికేషన్లు తీసి ఏటా నవంబర్ 15 లోపు వెరిఫికేషన్ చేస్తారు, లెటర్ వస్తే పేస్టబ్‌లు (జీతం స్లిప్పులు) పంపాలి, పట్టించుకోకుండా ఊరుకుంటే వచ్చేది ఆపేస్తారు.

జాబ్ పోయినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఆగస్టులోనే అప్లై చెయ్యాలని రూల్ ఏమీ లేదు, ఏడాది మధ్యలో ఎప్పుడైనా చెయ్యొచ్చు, పోయినేడాది డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పేపర్) కాదు, ఇప్పుడు ఇంట్లోకి ఎంత వస్తోంది అన్నదే చూస్తారు. స్కూల్ వాళ్ళు 10 వర్కింగ్ డేస్‌లో జవాబు చెప్పాలి. ఒకసారి అప్రూవ్ అయితే ఆ స్కూల్ ఇయర్ అంతా ఉంటుంది, మధ్యలో మళ్ళీ ఉద్యోగం దొరికినా తీసెయ్యరు, తర్వాతి ఏడాది మొదటి 30 స్కూల్ రోజులు కూడా నడుస్తుంది, ఆ లోపు కొత్తది పెట్టుకోవాలి. అప్లై చెయ్యకముందు లంచ్ అకౌంట్‌లో పేరుకున్న బాకీ మాత్రం మాఫీ అవ్వదు, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా.

ఇక వీసా భయం. ఫారంలో ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగరు. సంతకం పెట్టేవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి 4 అంకెలు అడుగుతారు, నంబర్ లేకపోతే లేదు అని టిక్ పెట్టొచ్చు, హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీదున్న అమ్మ సంతకం పెట్టినా చెల్లుతుంది. పబ్లిక్ ఛార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్ళని గ్రీన్ కార్డు ఆపేస్తారు అని మన గ్రూపుల్లో భయపెడుతుంటారు కదా, బాగా కఠినంగా ఉన్న 2019 రూల్‌లో కూడా స్కూల్ భోజనాన్ని లెక్కలోకి తీసుకోలేదు, 2022 రూల్‌లోనూ అంతే. రూల్స్ మారుతుంటాయి కాబట్టి గ్రీన్ కార్డు ఫైల్ చేసే ముందు లాయర్‌ని ఒక మాట అడగండి, అంతేగానీ వాట్సాప్ మెసేజ్ చూసి పిల్లాడి కడుపు మాడ్చొద్దు.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్ళో గవర్నమెంట్ బడిలో మధ్యాహ్న భోజనం అందరు పిల్లలూ పక్కపక్కన కూర్చుని తింటారు, ఎవరి ఆదాయం ఎంతని ఎవరూ అడగరు. ఇక్కడ ఇల్లు ఇల్లు లెక్క చూస్తారు, తేడా అదొక్కటే. క్లాసులో ఎవరికీ తెలియదు, అందరూ ఒకే లైన్, అందరూ ఒకేలా ఎవరి పిన్ వాళ్ళు కొడతారు, ఎవరు ఫ్రీ అని బయటికి కనపడేలా చెయ్యకూడదని రూల్ ఉంది. కాలిఫోర్నియా, మిన్నెసోటా, మిషిగన్ లాంటి స్టేట్లలో ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఫ్రీ, న్యూయార్క్ కూడా 2025-26 నుంచి చేరింది. టెక్సాస్‌లో అలా లేదు, అప్లై చెయ్యాల్సిందే, కొన్ని స్కూళ్ళలో మాత్రం మొత్తం స్కూల్‌కే ఫ్రీ ఉంటుంది, ఆఫీసులో అడిగితే చెప్తారు.

తిండి విషయానికొస్తే వెజ్ పెట్టి తీరాలన్న రూల్ లేదు, మతం కోసం మార్చి ఇవ్వడం కూడా స్కూల్ ఇష్టం. నెల మెనూ ముందే పెడతారు, చూసి పిల్లలకి చెప్పి పంపండి, పెప్పరోనీ అంటే మాంసం అని వాళ్ళకి తెలియదు పాపం. బీఫ్, పోర్క్ వద్దనుకుంటే కేఫెటేరియా మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి, చాలాచోట్ల బాగానే సాయం చేస్తారు. మెనూలో ఏదీ పడని రోజు ఇంటి నుంచి డబ్బా ఇవ్వండి, ఫ్రీ వచ్చింది కదా అని రోజూ అక్కడే తినాలని లేదు.

హైస్కూల్ పిల్లలున్నవాళ్ళయితే అసలు వదలొద్దు, ఈ అర్హత ఉంటే ఎస్‌ఏటీ (కాలేజ్ అడ్మిషన్ పరీక్ష) ఫీజు వేవర్, అంటే మాఫీ, అడగొచ్చు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఎగ్జామ్స్‌కి ఫీజు తగ్గుతుంది, కాలేజ్ అప్లికేషన్ ఫీజులు కూడా చాలావరకు వేవ్ అవుతాయి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి అడగమని పిల్లలకి చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇస్తారని చూడొద్దు. వేసవిలో స్కూళ్ళు, లైబ్రరీలు, పార్కుల్లో సమ్మర్ మీల్స్ సైట్లు పెడతారు, అందరికీ తెరిచి ఉంచే సైట్ అయితే 18 ఏళ్ళ దాకా ఉన్న పిల్లలెవరికైనా ఏ ఫారం లేకుండా పెడతారు, ఎక్కడుందో మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో వేసవి సెలవులకి ముందే చూసి పెట్టుకోండి.