రాత్రి రైలుకు ముందు బ్యాంకాక్‌లో ఒక్క పగలు: ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

శ్రీకాకుళం నుంచి నలుగురు మిత్రులు బయలుదేరుతున్నారనీ, విశాఖపట్నంలో రాత్రి విమానం ఎక్కి తెల్లవారుజామున బ్యాంకాక్ డాన్ మువాంగ్ విమానాశ్రయంలో దిగుతారనీ, అదే సాయంత్రం 6:40 గంటలకు చియాంగ్ మై వెళ్లే రైలుకు టికెట్లు తీసుకున్నారనీ, మధ్యనున్న పగటిపూట గది తీసుకోకుండా ఏమేమి చూడవచ్చో చెప్పమనీ అడిగారు. మేము విజయనగరం నుంచి దాదాపు ఇదే పద్ధతిలో వెళ్లివచ్చాము. అందరమూ కలిసి చదువుకున్నవారమే అయినా మాలో ఒకరు శాకాహారి, ఇంకొకరికి మోకాళ్ల నొప్పులు, మరొకరికి ఫొటోల పిచ్చి. ఆ అనుభవంతో చెబుతున్నాను: నది ఒడ్డున ఉన్న పాత నగరాన్ని మాత్రమే చూడండి, మిగిలిన బ్యాంకాక్‌ను తిరుగు ప్రయాణానికి అట్టేపెట్టుకోండి.

ముందుగా స్టేషన్ సంగతి తేల్చుకోవాలి. పాత యాత్రా వ్యాసాలు హువా లంఫోంగ్ స్టేషన్ పేరే చెబుతాయి. 1916లో ప్రారంభమైన ఆ స్టేషన్ నగరం నడిబొడ్డున ఇప్పటికీ ఉంది, కొన్ని సాధారణ రైళ్లు అక్కడి నుంచి నడుస్తూనే ఉన్నాయి. కానీ 2023 జనవరి 19 నుంచి చియాంగ్ మై వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైళ్లు నగరానికి ఉత్తరాన, బాంగ్ సూ ప్రాంతంలో కట్టిన క్రుంగ్ థెప్ అఫివాట్ అనే కొత్త స్టేషన్ నుంచి బయలుదేరుతున్నాయి. ఎవరినైనా దారి అడిగేటప్పుడు ‘రైల్వే స్టేషన్’ అని ఊరుకోకుండా ఆ పేరును, లేదా బాంగ్ సూ అనే పాత పేరును, స్పష్టంగా చెప్పాలి. మీకు కలిసివచ్చేది ఏమిటంటే, డాన్ మువాంగ్ నుంచి రెడ్ లైన్ రైలు నేరుగా ఈ స్టేషన్‌కే వస్తుంది. సామాను భద్రపరిచే సదుపాయం అక్కడే ఉంది కనుక పెట్టెలు అప్పగించి, భుజానికి ఒక చిన్న సంచీతో, చేతులు ఊపుకుంటూ బయటపడవచ్చు. ఆ సంచీలో పాస్‌పోర్టు, నీళ్లు, సాయంత్రానికి మార్చుకోవడానికి ఒక చొక్కా ఉంటే చాలు.

ఆ ఆవరణను ఆనుకునే బాంగ్ సూ మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ బ్లూ లైన్ ఎక్కి, హువా లంఫోంగ్ మీదుగా, రైలు మారకుండా సనాం చాయ్‌లో దిగవచ్చు. రాజప్రాసాదమూ వాట్ ఫో ఆలయమూ అక్కడి నుంచి నడిచివెళ్లే దూరంలోనే ఉన్నాయి. టాక్సీకి పెట్టే డబ్బు కన్నా ట్రాఫిక్‌లో పోయే సమయమే ఈ నగరంలో ఎక్కువ బాధిస్తుంది.

రాజప్రాసాదం ఉదయం 8:30 గంటలకు తెరుస్తారు, మధ్యాహ్నం 3:30కి టికెట్లు ఆపేస్తారు. విదేశీయులకు టికెట్ 500 బాత్‌లు. తెరిచే వేళకే వెళ్లడం మంచిది, ఎందుకంటే పది దాటాక ఎండా జనమూ పోటీపడతాయి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. ఆ ఉక్కకు పొందూరు ఖద్దరు చొక్కా, వదులు ప్యాంటు వేసుకున్న మా మిత్రుడే మా అందరిలో సుఖపడ్డాడు. దారిలో ఎవరైనా చక్కగా మాట కలిపి, ‘ఈ రోజు ప్రాసాదం మూసివేశారు, టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తాను’ అంటే నవ్వి ముందుకు సాగిపోండి. ఆ బండి చివరికి రత్నాల దుకాణం ముందే ఆగుతుంది.

ప్రాసాదం లోపలి ఆలయంలో మరకత బుద్ధుని విగ్రహం 66 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. దానికి ఏడాదిలో మూడు సార్లు, రుతువు మారినప్పుడల్లా, రాజుగారే వస్త్రాలు మారుస్తారు. అందరూ అక్కడికే తోసుకుంటారు. నా మటుకు నాకు అంతకన్నా విలువైనది ఆ ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడలపై 178 ఘట్టాలుగా చిత్రించిన రామకథ. థాయిలు దానిని రామకియెన్ అంటారు. మనం చిన్నప్పుడు విన్న మైరావణుడి కథలో హనుమంతుడు తోకను కోటగా చుట్టి రామలక్ష్మణులకు కాపలా కాస్తాడు; ఇక్కడి గోడ మీద అదే హనుమంతుడు కొండంత పెరిగి, రాముడు ఉన్న మండపాన్ని ఏకంగా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెల్లని దేహం, బంగారు పూత మెరిసే నగలు, తెరిచిన నోటిలో పళ్ల వరుసకు వెనుక చిన్న మండపం: ఆ బొమ్మ ముందు నుంచి మేము చాలాసేపు కదలలేదు. అయితే ఈ కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి రాళ్లను ఎత్తుకుపోవడానికి వచ్చిన రావణుని కూతురైన మత్స్యకన్యను ప్రేమించి, ఆమె ద్వారా ఒక కొడుకును కూడా పొందుతాడు. ఏటా హనుమాన్ దీక్ష తీసుకునే మా మిత్రుడు ఈ మాట విని చాలా నొచ్చుకున్నాడు. మీలో అలాంటివారు ఉంటే ముందే చెప్పి తీసుకువెళ్లండి.

వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడు ఉన్నాడు. టికెట్ 300 బాత్‌లు. ముఖం వైపు ఫొటోలు తీసుకుని వెనుదిరిగేవారే ఎక్కువ, కానీ పాదాల దగ్గరికి తప్పక వెళ్లండి. అరికాళ్లపై 108 మంగళ చిహ్నాలను ముత్యపు చిప్పతో పొదిగారు. విగ్రహం వెనుక గోడ వెంట 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి. చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్కటి వేస్తూ నడుస్తుంటే హాలంతా టింగుటింగుమంటుంది.

ఇక్కడి నుంచి మీరు విడిపోవడమే మంచిదని నా సలహా. మిత్రులమంతా పగలంతా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకునే తిరగాలనుకుంటే నెమ్మదిగా నడిచేవారికి ఆయాసమూ, వేగంగా నడిచేవారికి విసుగూ మిగులుతాయి. మా మోకాళ్ల నొప్పుల మిత్రుడు వాట్ ఫో ఆవరణలోనే ఉన్న సంప్రదాయ మర్దన శాలలో హాయిగా గంట గడిపాడు. ఫొటోల మిత్రుడితో ఇంకొకరు పడవలో నది దాటి, సూర్యసారథి అరుణుని పేరున వెలసిన వాట్ అరుణ్‌కు వెళ్లారు. అరసవల్లి పక్కనే పుట్టి పెరిగిన మీకు ఆ పేరు చూస్తే వెళ్లాలనిపిస్తుంది, కాదనను. పింగాణీ ముక్కలు అతికిన ఆ గోపురం దగ్గర నుంచి చూస్తేనే బాగుంటుంది. మెట్లు మాత్రం బాగా నిటారుగా ఉంటాయి. మళ్లీ ఎక్కడ, ఎన్ని గంటలకు కలుసుకోవాలో విడిపోయే ముందే ఖాయం చేసుకోండి. సనాం చాయ్ స్టేషన్ లోపల చల్లగానూ ఉంటుంది, గుర్తుపట్టడమూ తేలిక.

సనాం చాయ్ తరువాతి స్టేషనే సామ్ యోట్. అక్కడి నుంచి కొంత దూరం నడిస్తే సావో చింగ్ చా అనే ఎర్రటి మహా ఊయల స్తంభాలు, ఆ పక్కనే రాజాస్థాన బ్రాహ్మణుల దేవస్థానం కనిపిస్తాయి. రెండింటినీ 1784లో మొదటి రాముడనే రాజు కట్టించాడు. పూర్వం ఇక్కడ ఉత్సవంలో యువకులు ఆకాశమంత ఎత్తుకు ఊగుతూ, గడకు కట్టిన నాణేల సంచీని పళ్లతో అందుకునేవారట. ఆ ఆచారం 1935లో ఆగిపోయింది. మాకు వెంటనే పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చివర కూర్చుని ఊరిమీదుగా సాగే పూజారి గుర్తుకువచ్చాడు. నాకు తెలిసి మన వైపు నుంచి వెళ్లేవారిలో ఇది చూసేవారు అరుదు. రాజప్రాసాదం తరువాత ఇక ఒక్కచోటికే ఓపిక ఉంటే నేను దీనికే ఓటు వేస్తాను. సామ్ యోట్‌కు దగ్గరలోనే పహురత్ అనే భారతీయుల బజారు ఉంది కనుక శాకాహారుల భోజనం అక్కడ కానివ్వండి. మిగతా చోట్ల కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పడుతుంది. శుద్ధ శాకాహారం కావాలంటే ‘జే’ అని అడగాలి.

సాయంత్రం 4:30 తరువాత ఇంకేమీ చూడకండి. ఆఫీసులు వదిలే వేళకు రోడ్డు మీద బండిలో ఉండకూడదు, మెట్రోలోనే రండి. 5:30 లోపు స్టేషన్ చేరితే సామాను తీసుకుని, ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, రాత్రికి ఏదైనా కొనుక్కోవడానికి తీరిక దొరుకుతుంది. థాయ్ రైళ్లలో మద్యం నిషిద్ధం, మిత్రబృందం కనుక ముందే చెబుతున్నాను. ఏసీ బాగా చల్లగా ఉంటుంది, దుప్పటి ఇచ్చినా ఒక శాలువా దగ్గర ఉంచుకోండి.

రెండో తరగతి పడకలు మన బోగీల్లో లాగా అడ్డంగా ఉండవు, నడవ వెంట పొడవునా ఉంటాయి; రాత్రి సిబ్బందే వచ్చి పక్క వేస్తారు. చియాంగ్ మై చేరడానికి గంటకు పైగా ముందు రైలు ఖున్ తాన్ కొండల్లో 1.3 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగాన్ని దాటుతుంది. చలికాలంలో అప్పటికి ఇంకా చీకటి విడదు, మిగతా కాలాల్లో ఆ అడవి చూడడానికైనా లేవవచ్చు. కింది పడక వెడల్పు, దానికి కిటికీ ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ; పై పడకకు కిటికీ లేదు. మీ నలుగురిలో ఎవరిది ఏదో ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరండి.