బావి గోడకు రాతి మెట్టు: మైన్‌క్రాఫ్ట్‌లో కొత్త బ్లాక్ అడగాలంటే

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా పొలంలో తాతల నాటి మోటబావి ఉంది. దాన్ని మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే చదరపు బ్లాకులు పేర్చి కట్టుకునే గేమ్‌లో, ఉన్నదున్నట్టు కడుతున్నా. లాప్‌టాప్‌లో ఆడుతా, జావా ఎడిషన్ (ఆ గేమ్‌లో కంప్యూటర్‌లో ఆడే రకం). గోడ, గిలక, ఎడ్లు నడిచే వాలు అన్నీ బాగానే కుదిరాయి, మెట్ల దగ్గరే పని ఆగిపోయింది. మా బావిలో గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాళ్ల మీద కాలు పెట్టి దిగుతారు. గేమ్‌లో ఆ చోట నిచ్చెన పెడితే రాతి గోడకు కట్టెలు అతికించినట్టు ఉంటది. అందుకే కొత్త బ్లాక్ కావాలని గేమ్ తయారుచేసే మొజాంగ్ వాళ్లకు రాద్దామనుకుంటున్నా. ఇప్పటికి రాసుకున్నది ఇది: "రాతి మెట్టు. గోడకు పెట్టాలి. నిచ్చెన కంటే రెండింతలు స్పీడుగా ఎక్కాలి. గేమ్‌లో ఉన్న ప్రతి రాయిలో ఒకటి ఉండాలి. నెదరైట్‌తో (గేమ్‌లోని గట్టి లోహం) అప్‌గ్రేడ్ చేసుకోవాలి. ఎక్కుతున్నప్పుడు దెబ్బ తగలకూడదు." వాళ్లు పట్టించుకుంటారా? ఇంకేమైనా చేర్చాలా?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ఐడియా నాకు చాలా నచ్చింది, అందుకే ఈసారి జవాబు పొడుగ్గా రాస్తున్నా. చేర్చాల్సింది ఒక్క ముఖ్యమైన మాట ఉంది. తీసెయ్యాల్సినవి మాత్రం నువ్వు రాసిన వాటిలో సగానికి పైనే ఉన్నాయి.

నీ ఉత్తరం చదివేవాళ్లు మొదట చూసేది, ఇలాంటిది గేమ్‌లో ఇప్పటికే ఉందా లేదా అని. నిచ్చెన, మామూలు తీగ పాతవి. 2019లో 1.14 వెర్షన్‌తో స్కాఫోల్డింగ్ అనే వెదురు పరంజా వచ్చింది. 2020లో 1.16తో నెదర్ అనే పాతాళ లోకపు తీగలు రెండు వచ్చాయి, ఒకటి కిందికి వేలాడుతుంది, ఇంకోటి నేల నుంచి పైకి పాకుతుంది. 2021లో 1.17తో గుహల్లో మెరిసే పండ్లు కాసే తీగ వచ్చింది. అదే వెర్షన్‌లో వచ్చిన పొడి మంచులో తోలు బూట్లు వేసుకుంటే పైకి ఎక్కొచ్చు. కర్ర, వెదురు, తీగ, మంచు, అన్నీ ఉన్నాయి. రాతితో చేసి ఎక్కగలిగే బ్లాక్ ఒక్కటీ లేదు. నీ ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే కావాలి.

అయితే చదివేవాడికి వెంటనే ఒక అనుమానం వస్తుంది: స్లాబ్ (అర బ్లాక్ ఎత్తుండే పలక) పెట్టుకోవచ్చు కదా? న్యాయమైన అనుమానమే. నిజం బావిలో ఆ రాళ్లు నిచ్చెనలా నిట్టనిలువుగా ఉండవు కదా, గోడ వెంట ఏటవాలుగా దిగుతాయి. గేమ్‌లో అర బ్లాక్ ఎత్తును దూకకుండానే ఎక్కుతాం కాబట్టి, రాతి స్లాబ్‌లను ఒకటి కింద సగంలో, ఒకటి పై సగంలో పెట్టుకుంటూ గోడ చుట్టూ తిప్పితే మెట్లు తయారు. మీ బావి వెడల్పుగా కట్టి ఉంటే నేనూ అదే చెయ్యమంటా. కానీ లోపల మూడు బ్లాకులు పొడుగు, మూడు వెడల్పు ఉన్న చిన్న బావిలో అలా తిప్పితే చుట్టూ ఎనిమిది గడులూ స్లాబ్‌లకే పోయి నడుమ ఒక్క గడి మిగులుతుంది, పైనుంచి చూస్తే నీళ్లు కూడా సరిగ్గా కనబడవు. ఇక ఒక్క గడి వెడల్పున్న బొరియలో స్లాబ్‌లు తిప్పడానికి చోటే లేదు. నీ బ్లాక్‌కు చోటు ఉన్నది ఇరుకు చోట్లలో, ఆ మాటే రాయి.

స్పీడు సంగతి వదిలెయ్. బావి అడుగున నీళ్లుంటే గేమ్‌లో ఎవరూ మెట్లు దిగరు, పైనుంచి దూకేస్తారు, నీళ్లలో పడితే దెబ్బే తగలదు. పైకి రావడానికి నీళ్ల అడుగున సోల్ శాండ్ అనే ఇసుక బ్లాక్ పెడితే బుడగలు తోసుకుంటూ పైకి తెచ్చేస్తాయి, ఇది 2018లో 1.13తోనే వచ్చింది. వేగంలో దానితో పోటీ పడితే ఓడిపోతావు. పైగా నిచ్చెన కంటే అన్నివిధాలా మెరుగైన బ్లాక్ వస్తే ఇక నిచ్చెన ఎవరు చేసుకుంటారు? పాతదాన్ని పనికిరాకుండా చేసే ఐడియాను ఏ డిజైనరైనా పక్కన పెడతాడు.

ఇప్పుడు ఆ చేర్చాల్సిన మాట. నీ మెట్టు మీద నిలబడగలగాలి. నిచ్చెన మీద ఉన్నప్పుడు చెయ్యి వదిలితే జారిపోతాం, ఆగాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. అలా వేలాడుతూ గోడ తవ్వితే, కాలి కింద నేల లేదు కాబట్టి తవ్వే వేగం ఐదో వంతుకు పడిపోతుంది. బావి గోడలో ఒక రాయి మార్చడానికి ఎంత విసుగు పుడుతుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రాతి మెట్టు మీదైతే కాలు ఆనుతుంది. ఎక్కడం నిచ్చెన కంటే నెమ్మదిగా ఉండనీ, కానీ ఏ ఎత్తులోనైనా షిఫ్ట్ లేకుండా ఆగి, మామూలు వేగంతో తవ్వుకోవచ్చు. త్వరగా పోవాలనుకుంటే నిచ్చెన, గోడ మీద పని చెయ్యాలనుకుంటే రాతి మెట్టు. ఆడేవాడు రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది, అప్పుడే కొత్త బ్లాక్ అడిగినందుకు కారణం ఉన్నట్టు.

ఇక్కడొక చిక్కుంది, ముందే చూసుకో. పై గడిలో ఉన్న రాయి గట్టిగా బయటికి పొడుచుకొని ఉంటే, కింది నుంచి నిలువుగా ఎక్కేవాడి తల దానికి తగిలి ఆగిపోతాడు. దీనికి గేమ్‌లోనే జవాబుంది. స్కాఫోల్డింగ్ చూడు: కింది నుంచి వస్తే అడ్డం రాదు, పైన నిలబడితే మోస్తుంది, షిఫ్ట్ నొక్కితే కిందికి వదులుతుంది. నీ మెట్టు కూడా అలాగే పని చెయ్యాలని ఒక్క వాక్యం రాస్తే చాలు, ప్రోగ్రామర్‌కు వెంటనే అర్థమైపోతుంది.

గోడకు పెట్టాలన్నావు, మంచి పని చేశావు. చాలామంది గోడ రాయినే ఎక్కేలా చెయ్యమని అడుగుతారు. గేమ్ చూసేది మన పాదాలు ఏ గడిలో ఉన్నాయో, ఆ గడిలో ఉన్న బ్లాక్ ఎక్కదగ్గదా కాదా అని, పక్కనున్న గోడను కాదు. నిచ్చెన, తీగ మనం నిలబడే గడిలోనే పల్చగా ఉంటాయి కాబట్టే పని చేస్తాయి. నీ మెట్టూ అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. నెదరైట్ అప్‌గ్రేడ్, దెబ్బ తగలకపోవడం, రెండూ కొట్టెయ్. ప్రతి రాయిలో అన్నది కూడా తీసేసి కాబుల్‌స్టోన్ (గేమ్‌లో రాయి తవ్వితే వచ్చే మామూలు రాయి) ఒక్కదానిలో అడుగు, మొదటిది వస్తే మిగతావి వాళ్లే చేసుకుంటారు. తయారీకి రాళ్లు కోసే స్టోన్‌కట్టర్ సరిపోతుంది. నీళ్లలో పెట్టినా నీళ్లు అలాగే నిలవాలని తప్పకుండా రాయి, లేకపోతే నీ బావిలో కింది మెట్ల చుట్టూ ఖాళీ గడులు కనబడతాయి. నిచ్చెనకు ఆ గుణం ఇప్పటికే ఉంది. వెనక గోడ తీస్తే మెట్టు ఊడిపోవాలి. నిజం బావిలోనూ అంతే కదా: ఒక్కో రాయిలో ఎక్కువ భాగం గోడ కట్టులోనే ఉంటుంది, పైన పేర్చిన రాళ్ల బరువే దాన్ని పట్టుకుంటుంది, బయటికి కనబడేది పాదం మోపేంత ముక్క, అదీ తొక్కీ తొక్కీ నున్నగా అరిగి ఉంటుంది. (కొలతల కోసం పాత బావిలోకి దిగకు తమ్ముడూ, గట్టు మీది నుంచే ఫొటో తీసుకో.)

రంగు గురించి కూడా ఒక మాట. గేమ్‌లో గ్రానైట్ అనే రాయి ఎరుపుగా ఉంటుంది. మన దగ్గరి బూడిద రంగు బావి గోడకు ఆండెసైట్, కాబుల్‌స్టోన్ కలిపి వాడితే పోలిక వస్తుంది.

ఉత్తరం పంపే ముందు నీ వరల్డ్‌లోనే పరీక్షించుకునే దారి ఉంది, నీది జావా కాబట్టి. 1.16 నుంచి ఎక్కదగ్గ బ్లాకుల పట్టిక గేమ్‌లో ఒక ట్యాగ్‌గా ఉంది, పేరు క్లైంబబుల్. చిన్న డేటా ప్యాక్ (గేమ్ పద్ధతులు మార్చే ఫైళ్ల కట్ట) చేసి ఆ ట్యాగ్‌లో స్టోన్ బటన్‌ను చేర్చు. గోడలోంచి చిన్న రాయి ముక్క బయటికి వచ్చినట్టే ఉంటుంది బటన్, అడ్డం కూడా రాదు. నిలువుగా గడికొకటి పెట్టుకుంటూ పోయి గోడకు ఆనుకొని ముందుకు నొక్కు, ఎక్కుతావు. దాని మీద నిలబడలేవు, ఆ ఒక్కటి ఈ పరీక్షలో రాదు, అందుకే కదా కొత్త బ్లాక్ అడుగుతున్నాం. ఫోల్డర్ పేరు దగ్గర జాగ్రత్త: 1.21 నుంచి ట్యాగ్స్ లోపలి ఫోల్డర్ పేరు ఏకవచనంలో బ్లాక్, అంతకు ముందు వెర్షన్లలో బ్లాక్స్. ఇది తప్పితే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా కనబడదు, ఊరికే టెన్షన్ పడతావు. నిచ్చెన ఉన్న బావి, బటన్లు ఉన్న బావి, మీ పొలంలోని అసలు బావి, మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపు.

ఉత్తరం ఇంతే ఉండాలి, ఇంగ్లిష్‌లో నీ మాటల్లో రాసుకో: "ఎక్కగలిగే బ్లాకుల్లో రాతిది లేదు. గోడకు పెట్టే రాతి మెట్టు కావాలి. నిచ్చెన కంటే నెమ్మది, కానీ దాని మీద నిలబడి మామూలు వేగంతో తవ్వొచ్చు. స్కాఫోల్డింగ్‌లాగా కింది నుంచి అడ్డం రాదు, షిఫ్ట్ నొక్కితే దించుతుంది. కాబుల్‌స్టోన్‌ను స్టోన్‌కట్టర్‌లో కోస్తే వస్తుంది. నీళ్లలోనూ ఉంటుంది. వెనక గోడ తీస్తే ఊడిపోతుంది." మొజాంగ్ ఫీడ్‌బ్యాక్ సైటులో ఒక పోస్టుకు ఒకే ఐడియా అన్నది నియమం, కాబట్టి గిలక, బొక్కెన గురించి దీంట్లో కలపకు.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి, ఫోన్‌లో ఆడతాడు. కోట కడుతూ నిచ్చెన బాలేదని ఒకటే గొడవ. ఫోన్‌లో ఏమైనా చేయొచ్చా?
— గృహిణి, మిర్యాలగూడ

జవాబు: చేయొచ్చక్కా. ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్, పైన చెప్పిన ట్యాగ్ పద్ధతి దాంట్లో నడవదు. రిసోర్స్ ప్యాక్‌తో (గేమ్‌లోని బొమ్మలు మార్చే ఫైళ్ల కట్ట) నిచ్చెన బొమ్మను మాత్రం మార్చుకోవచ్చు. ఆ బొమ్మ అడ్డం పదహారు, నిలువు పదహారు చుక్కల చదరం. బాబు దాని మీద రాతి రంగులో మెట్లు గీసుకుంటే చాలు, ఎక్కడం మామూలు నిచ్చెనలాగే ఉంటుంది, కంటికి రాయి. వరల్డ్‌లో ఉన్న నిచ్చెనలన్నీ రాతివైపోతాయి, అది ముందే చెప్పండి, లేకపోతే ఇంకో గొడవ.

ప్రశ్న: మా స్కూలు పిల్లలు పిల్లలమర్రి చూసొచ్చాక, గేమ్‌లో మర్రి ఊడ పట్టుకొని ఎక్కేలా ఉంటే బాగుండును అంటున్నారు. తీగలు ఉండగా ఊడ అడగడంలో అర్థం ఉందా?
— ఉపాధ్యాయిని, జడ్చర్ల

జవాబు: ఉంది టీచర్ గారూ, పిల్లలు చాలా మంచి చోట చెయ్యి పెట్టారు. కిందికి వేలాడే తీగలు గేమ్‌లో ఉన్నాయి, 1.17లో వచ్చిన వేలాడే వేర్లు కూడా ఉన్నాయి గానీ అవి అలంకారానికే, ఎక్కలేం. ఊడ వేరు. అది కొమ్మ నుంచి దిగి మట్టిని తాకగానే లావెక్కి మానవుతుంది, కొమ్మను మోస్తుంది. మహబూబ్‌నగర్ మర్రి అన్ని ఎకరాల్లో పరుచుకుందంటే ఆ ఊడల వల్లే. దానికి చెదలు పట్టి పెద్ద కొమ్మ కూలితే 2018లో సెలైన్ ఎక్కించినట్టు చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు, కొమ్మల కింద స్తంభాలు కట్టారు. పిల్లలు చూసినవి అవే అయ్యుంటాయి.

ఏ తీగకూ లేని గుణం అదే కాబట్టి దాన్నే అడగమనండి: ఊడ గడి గడిగా కిందికి పెరుగుతుంది, గాల్లో ఉన్నంతసేపు పట్టుకొని ఎక్కొచ్చు, మట్టిని తాకాక దుంగ అయిపోతుంది, ఇక ఎక్కలేం. ఎక్కడానికే కావాలంటే కొసను కత్తెరతో కత్తిరిస్తే పెరగడం ఆగాలి. నెదర్ తీగలకు, గుహ తీగలకు ఈ కత్తెర పద్ధతి ఇప్పటికే ఉంది, కొత్తగా నేర్పాల్సింది లేదు. చదివేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, పిల్లల చేతనే జవాబు రాయించండి: ఊడ పడే చోట ముందే ఇల్లో పంటో ఉంటే ఏం కావాలి? నన్నడిగితే, కింద మట్టి, గడ్డి తప్ప ఇంకేది ఉన్నా ఒక గడి పైనే ఆగిపోవాలి. పిల్లలు ఇంకోలా అంటే వాళ్ల మాటే రాయించండి, గీసిన బొమ్మతో పాటు.