ఎమర్జెన్సీలో మామూలు మనిషికి ఇబ్బందేమీ లేదంటారు, నిజమేనా?

‘రైళ్లు టైముకి నడిచేవి, ఆఫీసుల్లో పనులయ్యేవి, రాజకీయాల జోలికి పోనివాళ్లకి ఏమీ కాలేదు అంటారు, నిజమేనా’ అని అడిగారు. రైళ్ల సంగతి నాకు తెలియదు, మా ఊరికి రైలే లేదు. ఒక ఇన్లాండు లెటరు సంగతి మాత్రం తెలుసు.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్న బడిపంతులు, టీచర్ల సంఘంలో కాస్త తిరిగేవాడు. 1975 జులైలో ఒక రాత్రి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, "మాస్టారూ, ఎస్సైగారు ఒకసారి రమ్మంటున్నారు, పొద్దునకల్లా వచ్చేయొచ్చు" అన్నారు. నాన్న చొక్కా వేసుకుని వెళ్లాడు. తిరిగొచ్చింది 1977 మార్చిలో. మీసా అనే అంతర్గత భద్రతా చట్టం కింద లోపల పెట్టారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పక్కర్లేకుండా ఆ చట్టాన్నే సవరించుకున్నారు, ఇక అడిగేదెవరిని?

జైలు నుంచి వచ్చే ఉత్తరాలు ముందు వాళ్లు చదివేవాళ్లు. ఒకదాంట్లో, "పిల్లల ఫీజుకి ఇబ్బందైతే" అని ఉండి, తర్వాత లైనున్నర నల్ల సిరా. చివర "వసూలు చెయ్యి". అంతే. ఎవరికో అప్పిచ్చాడని అర్థమైంది. ఎవరికి, ఎంత? పార్టీ చందా అనుకుని కొట్టేసి ఉంటారు మహానుభావులు. అమ్మ ఆ కాగితాన్ని లాంతరు చిమ్నీకి ఆనించి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. ‘సు’ ఒక్కటి ఆనింది. మా ఊళ్లో సుబ్బయ్యలే నలుగురు. నలుగురి గుమ్మాలూ ఎక్కింది, నలుగురూ మాకు తెలియదమ్మా అన్నారు. ఆ ఏడు అక్క చదువు ఆగింది, మళ్లీ మొదలవలేదు. అక్క ఏ రాజకీయం చేసిందో చెప్పండి.

కోర్టుకెళ్లొచ్చుగా అంటారు మా అపార్టుమెంటులో వాకింగ్‌కొచ్చే పెద్దమనిషి. ఆయనకి రోజూ పొద్దున్నే మళ్లీ ఎమర్జెన్సీ కావాలి, అదీ లిఫ్టు పాడైన రోజైతే మరీను. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే చెప్పింది, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధం మీద హెబియస్ కార్పస్, అంటే పట్టుకున్న మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషను, వెయ్యడానికి లేదని. అయిదుగురిలో ఒక్క హెచ్.ఆర్. ఖన్నాగారే కాదన్నారు, దాంతో ఆయనకి రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి పోయింది. బతికే హక్కును ఎమర్జెన్సీలోనూ తియ్యడానికి లేదని 1978లో 44వ సవరణ తెచ్చారు. అప్పటికి మా ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ ఊడ్చుకుపోతే, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లకి 41 దానికే వేశాం. నంద్యాలలో జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిగారొక్కరే గెలిచి బయటపడ్డారు. మా ఊరి బూత్‌లోనూ అంతే. నాన్న దానికి బాధపడినట్టు జైలుకి కూడా బాధపడలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే సుబ్బయ్య దగ్గరికి వెళ్లాడు. రెండువందలు. ఆయన మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, "ఉత్తరంలో రాశానంటున్నారుగా మాస్టారూ, ఏదీ, చూపించండి" అన్నాడు.