నాలుగేళ్ల పాప నిద్రలో లేచి కేకలు పెడుతోంది, దగ్గరకు తీసుకుంటే తోసేస్తోంది. ఏం చేయాలి?

మీ పాప నిద్రపోయిన గంటన్నరకు ఉన్నట్టుండి లేచి కూర్చుని కేకలు పెడుతోందని, కళ్లు తెరిచే ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టడం లేదని, ఎత్తుకోబోతే తోసేస్తోందని, తెల్లవారాక ఏమీ జరగనట్టే ఆడుకుంటోందని రాశారు. మీవల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అని, రాత్రి జరిగినది పాపతో చెప్పాలా వద్దా అని కూడా అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. కానీ మా అబ్బాయికి నాలుగో ఏట మొదలై రెండేళ్లకు పైగా సాగిన ఇదే వ్యవహారాన్ని పక్కనే కూర్చుని చూసినవాణ్ణి గనుక, అప్పట్లో మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులను రాస్తున్నాను.

మొదటి రాత్రి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పక్క గదిలోంచి వచ్చిన ఆ కేకను ఏడుపు అనడానికి వీల్లేదు. వాడి గొంతు అలా కూడా ఉంటుందని మాకు అంతవరకు తెలియదు. వెళ్లి చూస్తే వాడు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు, ఒళ్లంతా చెమట, గుండె దడదడలాడడం చొక్కా మీది నుంచే తెలుస్తోంది, కళ్లు విప్పార్చుకుని నన్ను దాటి గోడ వైపు చూస్తున్నాడు. దగ్గరకు తీసుకున్న కొద్దీ ఇంకా గట్టిగా అరిచి కాళ్లతో తన్నాడు. "నాన్ననురా" అని ఎన్నిసార్లు అన్నా ఆ మాట వాడి చెవిన పడినట్టు లేదు. ఎనిమిది నిమిషాల తర్వాత ఒక్కసారిగా వాలిపోయి నిద్రపోయాడు. మేమిద్దరం మాత్రం తెల్లవారే దాకా కన్ను మూయలేదు. పొద్దున్నే లేచి వాడు అడిగిన మొదటి ప్రశ్న, తన బొమ్మ బండికి ఊడిపోయిన చక్రం ఎక్కడుందని.

వైద్యులు దీన్ని నైట్ టెర్రర్స్ అని, స్లీప్ టెర్రర్స్ అని అంటారు. పేరులోనే భయం ఉంది కాబట్టి పిల్లలు దేనికో జడుసుకున్నారని మనం అనుకుంటాం; మా అమ్మ కూడా అదే అంది. పిల్లల వైద్యురాలు మాకు వివరించిన దాన్నిబట్టి చూస్తే మాత్రం ఇది భయం కన్నా మెలకువకు సంబంధించిన తిరకాసు. రాత్రి నిద్రలో మొదటి మూడో వంతులోనే గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది. ఆ గాఢనిద్ర నుంచి పైకి తేలే సమయంలో మెదడులో కొంత భాగం మేలుకొని మిగతాది నిద్రలోనే ఉండిపోతే, కళ్లు తెరుచుకుంటాయి, గొంతు లేస్తుంది, కాళ్లూ చేతులూ ఆడతాయి, కానీ మనుషులను గుర్తుపట్టడానికి, జరిగినదాన్ని జ్ఞాపకం ఉంచుకోవడానికి కావలసిన మెలకువ మాత్రం రాదు. నిద్రపోయిన గంట నుంచి మూడు గంటల లోపు ఇది ఎక్కువగా రావడానికీ, పొద్దునకు ఏమీ గుర్తులేకపోవడానికీ కారణం అదే. నిద్రలో నడవడం కూడా ఈ కోవలోనిదే. 1968లో రోజర్ బ్రౌటన్ అనే కెనడా పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంలో వీటిని కలల ఖాతాలో వేయకూడదని, అరకొర మెలకువల కింద చూడాలని వాదించాడు.

అది విన్నాక నాకు మా అమ్మ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది: చిన్నప్పుడు నేను నిద్రలోనే లేచి తలుపు గడియ తీసుకుని వాకిట్లో నిలబడేవాడినట. ఈ లక్షణాలు ఒకే కుటుంబంలో తరతరాలుగా కనిపించడం మామూలే. పొరపాటు ఎక్కడ జరిగిందని అడిగారు కదా. మా ఇంట్లో అది నా వైపు నుంచి వచ్చినట్టుంది, దానికి నేను చేయగలిగినదేమీ లేదు.

పీడకల వేరు. అది ఎక్కువగా రాత్రి రెండో సగంలో, కనుగుడ్లు వేగంగా కదిలే రెమ్ నిద్రలో వస్తుంది. పిల్లలు పూర్తిగా మేల్కొంటారు, మనల్ని కరుచుకుని పడుకుంటారు, వచ్చిన కలను చెబుతారు. (రెమ్ నిద్ర సంగతిని 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ లోకానికి వెల్లడించారు. అసెరిన్‌స్కీ కళ్ల కదలికలను నమోదు చేసే తన యంత్రాన్ని తగిలించి పరీక్షించినవారిలో ఎనిమిదేళ్ల సొంత కొడుకు ఒకడు. నిద్రపోతున్న కొడుకును కనిపెట్టుకుని కూర్చున్న ఆ తండ్రి తర్వాతి నెలల్లో నాకు చాలాసార్లు తలపుకొచ్చాడు.) పీడకల వచ్చిన బిడ్డకు మనం కావాలి. మీరు చెప్పిన స్థితిలో ఉన్న బిడ్డకు మనం అక్కడ ఉన్నట్టే తెలియదు, ఇది మింగుడుపడడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తెలియక మేము చేయకూడనివన్నీ చేశాం. లైట్లన్నీ వేశాం, భుజాలు పట్టి కుదిపాం, మొహం మీద తడిగుడ్డ పెట్టాం, ఏమైందో చెప్పమని ఇద్దరం ఒకేసారి అడిగాం. వాటివల్ల మా వాడి పెనుగులాట పెరిగిందే తప్ప తగ్గలేదు, ఒకసారి నిజంగానే మేల్కొని, మా కంగారు మొహాలు చూసి అప్పుడు భయపడ్డాడు. ఆ రాత్రి మళ్లీ నిద్రపోవడానికి గంట పట్టింది. అంతకన్నా చెప్పడానికి సిగ్గుగా ఉన్న విషయం ఏమిటంటే, ఆ పది నిమిషాల్లో నేనూ నా భార్యా ఒకరినొకరు తప్పుపట్టుకునేవాళ్లం. పడుకునే ముందు వాణ్ణి ఎగిరి గంతులేయించావని ఆమె, సాయంత్రం కోప్పడ్డావని నేను. ఎదురుగా బిడ్డ అరుస్తుంటే చేతనైన పని ఏదీ లేని మనిషి ఆ ఉక్రోషాన్ని పక్కవాళ్ల మీద చూపించడం ఎంత సులువో అప్పుడు అర్థమైంది.

తర్వాత మేము కుదుర్చుకున్న పద్ధతి చాలా చిన్నది. ఒకరు మాత్రమే గదిలోకి వెళ్లాలి, లైటు వేయకూడదు, ముట్టుకుంటే విదిలించుకుంటున్నాడు గనుక ముట్టుకోకూడదు, మంచం దిగితే మాత్రం అడ్డుగా నిలబడాలి. మాట్లాడాలనిపిస్తే ఒకే మాటను తగ్గు గొంతుతో అనాలి. మంచం పక్కనున్న బల్లను తీసేశాం, పడినా దెబ్బ తగలకుండా కింద మెత్త పరిచాం, కిటికీలకూ వీధి తలుపుకూ వాడికి అందని ఎత్తులో గడియలు పెట్టించాం. గడియారం చూసుకోవడం నాకు బాగా పనిచేసింది. పావుగంటలా అనిపించినది నాలుగు నిమిషాలే అని తెలిస్తే మనిషి నిలదొక్కుకుంటాడు.

ఇక కారణం సంగతి. వైద్యురాలు మమ్మల్ని ఒక నోటు పుస్తకంలో ప్రతి రోజూ మూడే అంశాలు రాయమంది: ఎన్నింటికి పడుకున్నాడు, పగలు పడుకున్నాడా, కేక ఎన్నింటికి వచ్చింది. మేమైతే బడి మీది భయమే కారణమని అంతవరకు గట్టిగా నమ్మాం, ఎందుకంటే బడిలో చేర్చిన రెండో వారంలోనే ఇది మొదలైంది. మూడు వారాల రాతలు చూసుకుంటే వేరే సంగతి బయటపడింది. బడికి వెళ్లడం మొదలయ్యాక మధ్యాహ్నపు నిద్ర పోయింది, పొద్దున్నే లేపవలసి వచ్చింది, రాత్రి పడుకునే వేళ మాత్రం పాతదే ఉండిపోయింది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యుల అమెరికా సంఘం 2016లో సిఫారసు చేసింది. 3, 4 ఏళ్ల పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ అదే లెక్క. మా వాడికి దక్కుతున్నది తొమ్మిది గంటలు. నిద్ర చాలని ఒళ్లు రాత్రి పడుకోగానే మరింత గాఢంగా నిద్రలోకి దిగుతుంది, అంత లోతు నుంచి పైకి రావడంలోనే ఈ చిక్కు ఎక్కువ. పుస్తకంలో కేక రాసిన రాత్రులు దాదాపుగా అన్నీ ఆలస్యంగా పడుకున్నవి, లేదా జ్వరం వచ్చినవి, లేదా బంధువుల ఇంట్లో కొత్త చోట పడుకున్నవి. పడుకునే వేళను రోజుకు పది నిమిషాల చొప్పున జరుపుతూ ముప్పావు గంట ముందుకు తెచ్చాం, పడుకునే ముందు మూత్రానికి తీసుకువెళ్లడం తప్పనిసరి చేశాం. దీనికోసం నేను ఇంటికి త్వరగా రావలసి వచ్చింది, ఎందుకంటే నేను వచ్చే దాకా నాకోసం మేలుకుని ఉండడమే వాడి ఆలస్యానికి అసలు కారణమని ఆ పుస్తకమే చెప్పింది. వారానికి నాలుగైదు సార్లు వచ్చేది నెలన్నర తిరిగేసరికి వారానికి ఒకసారికి తగ్గింది.

మీ పాపకు రోజూ ఒకే వేళకు వస్తుంటే, ఆ వేళకు పావుగంట నుంచి అరగంట ముందు ఆమెను కొంచెం కదిలించి, ఒత్తిగిలి ఏదో గొణిగేంత మెలకువ రాగానే మళ్లీ జోకొట్టడం మరో పద్ధతి. దీన్ని రెండు నుంచి నాలుగు వారాల పాటు ప్రతి రాత్రీ చేయాలి. మేము చేసినప్పుడు పనిచేసింది, కానీ హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపడానికి మనసు ఒప్పక రెండుసార్లు మధ్యలో మానేశాం. మీ వైద్యులను అడిగి చేయడం మంచిది.

ఇవన్నీ చదివి వైద్యుల దగ్గరకు వెళ్లడం మానకండి. పాప గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తున్నా, ఒళ్లు బిగుసుకుపోవడం, ఒకే రకంగా కొట్టుకోవడం, నోటి వెంట చొంగ కారడం వంటివి ఉన్నా, ఒకే రాత్రి పలుమార్లు వస్తున్నా, పగలంతా మగతగా ఉంటున్నా ఆలస్యం చేయకూడదు. మూర్ఛ, శ్వాస సంబంధమైన ఇబ్బందులు కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, ఒకసారి ఫోనులో వీడియో తీసి చూపిస్తే వాళ్లకు తేడా తెలుసుకోవడం తేలికవుతుంది.

ఆ వీడియో గురించే, మీ చివరి ప్రశ్నకు జవాబుగా ఒక మాట. పాపతో చెప్పనవసరం లేదని నా అభిప్రాయం. తను పడని బాధను మనం అంటగట్టినట్టవుతుంది. మేము తీసిన వీడియో ఒక రోజు ఫోనులో పాటలు వెతుక్కుంటున్న మా వాడి కంటపడింది. వాడు దాన్ని చివరిదాకా చూసి, ఇందులో తను ఎందుకు ఏడుస్తున్నాడని అడిగాడు. నిద్రలో అని చెప్పాను. ఆ తర్వాత పది రోజుల పాటు, అంతవరకు ఏ పేచీ లేకుండా పడుకునేవాడు కాస్తా, పడుకుంటే అలా అవుతుందని మంచం ఎక్కడానికి మొండికేశాడు. వైద్యులకు చూపించిన వెంటనే మీరు దాన్ని తీసేయండి.