పవర్ స్టీరింగ్ పంపు మార్చే ముందు దాని ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: పికప్ బండి. పార్కింగ్‌లో, సందు మలుపుల్లో మెల్లగా తిప్పేటప్పుడు స్టీరింగ్ బరువెక్కుతోంది, స్పీడ్ అందుకున్నాక బాగానే ఉంటోంది. తిప్పినప్పుడల్లా బానెట్ కింద నుంచి మూలుగు వినిపిస్తోంది. మెకానిక్ పవర్ స్టీరింగ్ పంపు (స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఆయిల్‌ని ప్రెషర్‌తో తోసేది) మార్చాలన్నారు, మార్చాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. నేను అలా మార్చే నష్టపోయాను.

నా బండికీ అచ్చం ఇదే జబ్బు. లోడ్ వేసుకుని రివర్స్ తీస్తుంటే స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయేది. ఇంజన్ కాస్త రేస్ చేస్తే తేలికయ్యేది, ఐడిలింగ్‌లో వదిలితే మళ్లీ బరువు. బండి వేడెక్కేకొద్దీ మూలుగు పెరిగేది. ఇవన్నీ పంపు అరిగినా వచ్చే లక్షణాలే, కాబట్టి మెకానిక్‌ని పూర్తిగా తప్పుపట్టలేను. కొత్త పంపు వేయించాను. పది రోజులు ఒక్క వేలితో తిరిగింది. ఆ తర్వాత పాత మూలుగే, పాత బరువే.

అప్పుడు గానీ నాకు ఆ పంపుకు ఆయిల్ ఇచ్చే డబ్బా మూత తీయాలని తట్టలేదు. ఆయిల్ సరిగ్గా గీత దగ్గరే ఉంది. కానీ ఇంజన్ నడుస్తుండగా టార్చ్ వేసి చూస్తే పైనంతా నురుగు. ఎర్రగా నిగనిగలాడాల్సిన ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంది. అంటే ఎక్కడో గాలి కలుస్తోంది. బండి కింద చుక్క ఆయిల్ పడలేదు, లెవెల్ తగ్గలేదు, మరి గాలి ఎక్కడి నుంచి వస్తున్నట్టు? రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను.

కిటుకు ఇక్కడుంది. పంపు నుంచి స్టీరింగ్ బాక్స్‌కి వెళ్లే పైపులో ప్రెషర్ విపరీతంగా ఉంటుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే చాలా బళ్లలో 80 నుంచి 100 బార్ దాకా పోతుంది. అది పగిలితే ఆయిల్ చిమ్ముతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపు అలా కాదు. అక్కడ పంపు ఆయిల్‌ని పీల్చుకుంటుంది. ఆ పైపులో చిన్న చీలిక ఉంటే, ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు, గాలి మాత్రం కుంచించుకుపోతుంది. కాబట్టి పంపు ఎంత తిరిగినా చక్రాల్ని తోసే బలం రాదు. మనకు వినిపించే మూలుగు ఆ గాలి బుడగలదే.

చివరికి దొరికింది గుడ్డముక్కతో. పైపు మొత్తం పొడిగా తుడిచి రాత్రంతా వదిలేశాను. పొద్దున పైపును బిగించే క్లాంప్ కింద వేలు పెడితే తడి తగిలింది. ఇంజన్ ఆగాక పీల్చడం ఉండదు, డబ్బాలో ఉన్న ఆయిల్ బరువుకే కొద్దికొద్దిగా ఊరుతుంది. రబ్బరు గట్టిపడి సరిగ్గా క్లాంప్ అంచున చిట్లింది. పంపు మార్చినప్పుడు ఆ పాత పైపునే లాగి మళ్లీ బిగించారు. చీలిక పది రోజులు మూసుకుని ఉండి, మళ్లీ తెరుచుకుందన్నమాట.

పైపు, రెండు క్లాంపులు మార్చాను, అంతే. పైపు పవర్ స్టీరింగ్ ఆయిల్‌కి తట్టుకునేదే అయి ఉండాలి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క వేస్తే ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్ కూడా బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి. కొన్ని బళ్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ సరిపోతుంది, కొన్నింటికి వేరే రకం కావాలి. రంగు చూసి కలపకండి.

తర్వాత ఎయిర్ తీయాలి, దీంట్లో తొందర పనికిరాదు. ముందు చక్రాలు ఎత్తి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఇరవై సార్లు తిప్పాలి. పక్కన ఒకరు డబ్బా చూస్తూ ఆయిల్ పోస్తుండాలి. బుడగలు ఆగాక స్టార్ట్ చేసి ఇంకొన్ని సార్లు తిప్పండి. చివరిదాకా తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఆయిల్ కాగిపోతుంది, పంపు కూడా పాడవుతుంది.

మీ బండిలో నురుగు లేకపోతే డబ్బా అడుగున ఉండే జల్లెడ చూడండి. అది మట్టి పట్టి మూసుకుపోయినా పంపుకు ఆయిల్ చాలదు, లక్షణాలన్నీ ఇవే వస్తాయి. కొన్ని డబ్బాల్లో జల్లెడ విడిగా రాదు, డబ్బానే మార్చాలి. తిప్పినప్పుడు మూలుగు కాకుండా కీచుమని అరుస్తుంటే బెల్ట్ జారుతున్నట్టు. ఒక పక్కకు తిప్పితేనే బరువుగా ఉంటే స్టీరింగ్ బాక్స్ లోపలి వాల్వ్‌ని అనుమానించాలి. చక్రాలు గాల్లో ఉన్నా ఒకచోట పట్టేస్తుంటే ఆయిల్‌కి సంబంధం లేదు, బాల్ జాయింటో, స్టీరింగ్ రాడ్ మీది జాయింటో బిగుసుకుపోయి ఉంటుంది. అన్నట్టు, ముందు టైర్లలో గాలి చూశారా? నవ్వకండి, అది తగ్గినా స్టీరింగ్ బరువెక్కుతుంది.

ఒకవేళ స్టీరింగ్ ఒక్కసారిగా బాగా బరువెక్కి, బ్యాటరీ లైట్ వెలిగి, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే బెల్ట్ తెగినట్టే. చాలా బళ్లలో నీళ్ల పంపు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ అదే బెల్ట్ మీద తిరుగుతాయి, అందుకని పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. స్టీరింగ్ తిరుగుతుంది గానీ రెండు చేతులా బలం పెట్టాలి. కొన్ని పెద్ద పికప్‌లలో బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ కూడా ఈ పంపు ఆయిల్ మీదే పనిచేస్తుంది. స్టీరింగ్‌తో పాటు బ్రేక్ పెడల్ కూడా గట్టిపడితే ఇక ఆ బండిని నడపొద్దు, లాగించుకుపోండి.

నురుగు లేదు, జల్లెడ శుభ్రంగా ఉంది, బెల్ట్ బాగుంది అనుకుంటే, అప్పుడు మెకానిక్‌ని ప్రెషర్ గేజ్ పెట్టి చూపించమనండి. మీ బండికి రావాల్సినంత ప్రెషర్ గేజ్‌లో రాకపోతే, అప్పుడు కొనండి పంపు. దాంతోపాటే ఆ పీల్చే పైపు కూడా.