బీపీ 100/80 ఉంటే నార్మలే అనుకున్నాం

షాక్ అంటే బీపీ పడిపోవడమేనా, ఏ షాక్‌లోనైనా గుండెకు జరిగేది ఒకటేనా అని ఒకరు అడిగారు. రెండూ కాదు. వైద్యంలో షాక్ అంటే ఒంట్లో అవయవాలకు చాలినంత రక్తం అందకపోవడం. మా అమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు కళ్లారా చూశాను.

అప్పుడు దానికి 11 ఏళ్లు. నాలుగు రోజులు 103 జ్వరం. ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడితే గండం గడిచిందని మా అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టారు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు. పిల్ల మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. అరికాళ్లు పట్టుకుంటే మంచుముద్దలే. ఆస్పత్రికి పరుగెత్తాం. బీపీ 100/80. "నార్మలే కదా మేడమ్" అన్నాను. డాక్టర్ గారు దాని వేలి గోరు నొక్కి వదిలారు. ఎరుపు ఎంతకీ తిరిగి రాలేదు. "పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి వచ్చేసిందమ్మా, నాడి 130 కొడుతోంది. ఇది షాకే" అన్నారు.

డెంగీలో సన్నటి రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోతుంది. ఉన్న కాస్త రక్తంతోనే నెట్టుకురావడానికి గుండె పరుగు అందుకుంటుంది, కాళ్లూచేతుల్లో నాళాలు బిగుసుకుంటాయి. అందుకే కింది అంకె దిగదు. పిల్లల్లో పై అంకె చివరిదాకా నిలబడి ఒక్కసారిగా కూలుతుంది. మా పాపకి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, ప్లాస్మా కారితే పెరుగుతుంది) మాటిమాటికీ చూస్తూ, సెలైన్ కొలిచి ఎక్కించారు.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "ప్లేట్‌లెట్లు ఎంత?" అనేవాళ్లే. బొప్పాయి ఆకు రసం సీసాలు తెచ్చారు. పిల్లకి మూత్రం వస్తోందా అని ఒక్కరూ అడగలేదు, అసలు అడగాల్సింది అదే! మూత్రం వస్తోందంటే కిడ్నీలకి రక్తం అందుతున్నట్టే. రాత్రి రెండింటికి "అమ్మా, బాత్రూమ్" అన్నప్పుడే మా ఇద్దరికీ ఊపిరి వచ్చింది.

తర్వాతి ఏడాది మామయ్య గారికి గుండెపోటు. బీపీ 80/60, చేతులు అలాగే చల్లగా. "మా పాపకి ఎక్కించినట్టు సెలైన్ పెట్టండి సార్" అని మా ఆయన బతిమాలారు. అక్కడ రక్తానికి కొదవ లేదు, నెట్టే గుండెకే బలం లేదు. సీసాలకి సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన షాక్ ఇంకో రకం. నాళాలు వదులైపోయి, మొదట్లో చేతులు వెచ్చగానే ఉండొచ్చు.

నీరసమంటే చాలు సెలైన్ సీసా తగిలించే మన ఊళ్లలో ఇది తెలియాలి. డెంగీ ఇంట్లో ఉంటే, జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులు పిల్లల అరికాళ్లు తాకి చూస్తూ ఉండండి.